బాగా ఓడిన గుర్రాలను ఎంచడం నా ఉద్యోగం

నేను గుర్రం ఎక్కింది జీవితంలో ఒక్కసారే. నా పెళ్లి ఊరేగింపులో, పంజాగుట్ట చౌరస్తా నుంచి ఫంక్షన్ హాలు దాకా. ఆ మహానుభావురాలు సగం దారిలో ఒక చెప్పుల దుకాణం ముందు ఆగిపోయింది. బ్యాండువాళ్లు తమకొచ్చిన పాటలన్నీ వాయించి, రానివి కూడా వాయించారు. కదల్లేదు. చివరికి నేనే దిగి నడిచాను. గుర్రం నా వెనకాల తలూపుకుంటూ వచ్చింది. ఆ ఫొటోల్లో పెళ్లికొడుకు ఎవరో పోల్చుకోవడం మా అత్తగారికి ఇప్పటికీ కష్టమే.

అలాంటి నేను, గుర్రాల గురించి రాసి ఇల్లు నడిపాను. పిల్లల్ని చదివించాను. మా ఆవిడ చేత జీవితకాలం తిట్లు తిన్నాను. నడివయసు దాటకుండానే రిటైరయ్యాను, ఎందుకంటే మా పత్రిక నాకంటే ముందే రిటైరైంది. ఈమధ్య కొందరు కుర్రాళ్లు ఫోన్ చేసి, రేసుల మీద రాయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. జీతం, హోదా ఎలా ఉంటాయని అడగకండి. రెండూ ఒక గుర్రం దాణాలో పట్టేవి.

ఏం పనో చెప్పాలి ముందు

మన దగ్గర రేసుగుర్రాలు కంచెలూ గోతులూ దూకవు. చదును నేల మీద ఉరుకుతాయి, అంతే. వానలు పడే వేళకు మలక్‌పేట మైదానంలో కొత్త సీజను మొదలవుతుంది. దానికి ముందు మా వారపత్రిక ఒక ప్రత్యేక సంచిక వేసేది. అందులో నడిపేజీ నాది. ‘ఈ సీజన్లో కన్నేసి ఉంచాల్సిన గుర్రాలు’ అని ఒక డజను పేర్లు, ఒక్కోదాని కింద నాలుగు ముక్కలు. అశ్వమిత్ర అని నా కలంపేరు. ఆ పేజీ కోసం నగరం ఊపిరి బిగబట్టేదని నేను చెప్తాను. నగరంలో కనీసం మా మంగలి బిగబట్టేవాడు, అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

చాలామంది అనుకునేది, గెలిచే గుర్రాలను చెప్పడమే ఈ పని అని. కాదు. పోయిన సీజన్లో గెలిచినదాన్ని గుడ్డివాడైనా చెప్తాడు. గెలిచిన గుర్రానికి తర్వాతి పందెంలో వీపు మీద బరువు పెంచుతారు. మిగతావాటితో సమానం కావాలని. కాబట్టి నిన్నటి వీరుడు రేపు మూటలు మోసే కూలీ. మనకు కావాల్సింది బాగా ఓడిన గుర్రం. దారి దొరక్క ఓడిందా, దూరం చాలక ఓడిందా, నేల గట్టిగా ఉండి కాలు వేయలేక ఓడిందా, లేక నిజంగానే చేతకాక ఓడిందా అన్నది కనిపెట్టాలి. మొదటి మూడు రకాలు మన పేజీలోకి వస్తాయి. నాలుగోది పెళ్లి ఊరేగింపులకు వెళ్తుంది.

కింద గుర్రాలు, పైన కోర్సులు

మా ఆఫీసు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో. కింద ప్రెస్సు, ప్రెస్సు వెనక గదిలో మేము. మేము అంటే నేను, ఎడిటరు పాపారావుగారు. ప్రెస్సూ పత్రికా రెండూ ఆయనవే. గుంటూరు మనిషి, పంచె కట్టు, ముక్కుపొడుం. ఆయనకు గుర్రపు వెంట్రుక వాసన తగిలితే తుమ్ములు. నేను మైదానం నుంచి వస్తే, చొక్కా మార్చుకున్నాకే లోపలికి రానిచ్చేవాడు. రేసుల పత్రిక నడుపుతూ ఒక్క రేసైనా చూడని మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే అయ్యుండాలి.

అవి ఐటీ గాలి మా సందు మీద తుపానులా వీస్తున్న రోజులు. రాత్రి ఇడ్లీ బండి ఉన్నచోట పొద్దున్నకు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటు ఉండేది. ఇడ్లీ బండివాడు అందులోనే చేరేవాడు. హాస్టళ్ల నుంచి పొద్దున్నే వచ్చే కుర్రకారుతో సందు ఎంత నిండిపోయేదంటే, నేను బస్టాపు దగ్గర జనంలో కాలు పెడితే, నడవకుండానే ఆఫీసు ముందుకు చేరేవాణ్ని. మా ప్రెస్సులో వారమంతా కోర్సుల కరపత్రాలు అచ్చయ్యేవి. ఒక్కరోజు మాత్రం గుర్రాలు.

ఒకసారి బైండింగులో కాగితాలు కలిసిపోయి, మా పత్రిక సగం కాపీల్లో జావా సిలబస్ వెళ్లింది. ఒక్క పాఠకుడూ పత్రిక తిరిగి పంపలేదు. ఒకాయన మాత్రం కార్డు రాశాడు, జావా అనే గుర్రం బాగున్నట్టుంది, మూడో రేసులో ఎందుకు దింపలేదని. పాపారావుగారు ఆ కార్డు చదివి, తుమ్మకుండా చాలాసేపు ఆలోచించి, మన పాఠకులు నమ్మకస్తులయ్యా అన్నారు.

ఇంటికి పోయేటప్పుడు చూడాలి

పని నేర్పింది గురువులెవరూ కాదు, పంక్చరు.

పొద్దున్నే మైదానంలో గుర్రాల చేత సాధన చేయిస్తారు. రాసేవాళ్లంతా రెయిలింగు పట్టుకుని, చేతిలో స్టాప్‌వాచీతో, యుద్ధానికి వచ్చినట్టు నిలబడతారు. నేనూ మొదట్లో అంతే. ఒక ఏడాది సీజను ముందు, రోజూ నా స్కూటర్ ఖైరతాబాద్ దాటేసరికి పంక్చరయ్యేది. ఆ టైరులో రబ్బరు కంటే అతుకులెక్కువ. నేను చేరేసరికి ఉరుకుళ్లన్నీ అయిపోయి, గుర్రాలు శాలలకు నడిచి వెళ్తూ కనిపించేవి. ఇంక చేసేదేముంది, నడక చూసి రాశాను. నా జన్మలో అంత మంచి పేజీ మళ్లీ రాలేదు.

ఎందుకో తర్వాత తెలిసింది. ఉరికేటప్పుడు గుర్రం మీద రౌతు ఉంటాడు, వాడి చేతుల్లో కళ్లాలుంటాయి. శాలవాళ్లు కావాలనే నెమ్మదిగా పోనిస్తారు, కావాలనే బరువైన మనిషిని ఎక్కిస్తారు. స్టాప్‌వాచీలకు అబద్ధం చెప్పడం వాళ్లకు చిటికెలో పని. ఇంటికి నడిచేటప్పుడు ఎవరూ ఏమీ దాచరు. మెడ వదులుగా వేలాడేసి, పక్కవాళ్ల సంగతులు చూసుకుంటూ, తోకతో ఈగల్ని విలాసంగా తోలుకుంటూ పోయేదానిలో ఇంకా సరుకుంది. చెవులు వెనక్కి పెట్టి, దాణా తొట్టి కోసం పరుగెత్తేది అంతా అక్కడే ఖర్చు చేసేసింది. పరీక్ష రాసే కుర్రాడి ముఖం చూడకండి, హాలు బయటికొచ్చిన ముఖం చూడండి.

ఇంకొకటి. మీ పేజీలో రాసిన గుర్రం మీద మీరు పందెం కాయకండి. కాసిన కంటికి కుంటిది కూడా గంతులేస్తున్నట్టు కనిపిస్తుంది.

అందగాడి సంగతి

నా తప్పులన్నిటికీ మహారాజు ఇదే. ఒక తెల్లగుర్రం. దాన్ని చూస్తే కృష్ణానగర్లో అవకాశాల కోసం తిరిగే హీరోలందరూ కలిసి ఒక్క గుర్రమైనట్టుండేది. జూలు, చూపు, నిలబడే తీరు అన్నీ పోస్టరుకే. రెండేళ్లు వరసగా నా పేజీలో రాశాను. అది పరుగు మొదలవగానే జనం వైపు తల తిప్పేది. ఫొటో తీస్తున్నారేమో అని దాని అనుమానం. పందెం అయిపోయాక మిగతావి రొప్పుతుంటే అది మాత్రం పౌడరు కూడా చెరగకుండా వచ్చేది. అందం గురించి పేజీలో ఒక్క మాట కూడా రాయకూడదని అప్పుడు నిర్ణయించుకున్నాను. మా ఆవిడకు మాత్రం ఆ నిర్ణయం పొరపాటున ఆవిడ గురించి అని అర్థమై, ఒక వారం ఉపవాసం చేయించింది. నా చేత.

యాదగిరన్న శాల

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. మిగతావి మరిచినా ఫరవాలేదు.

యాదగిరి అని ఒక చిన్న ట్రైనర్. పెద్ద శాలల్లో గుర్రాలు నలభైకి తగ్గవు. ఆయన దగ్గర నాలుగు. మాటలు అంతకంటే తక్కువ. నాలుగింటిలో ఒకటి ముసలిది, పళ్లు పోయి గడ్డిని బుగ్గల్లోనే నానబెట్టుకుని మింగేది. మిగతా మూడూ మా ఆఫీసు పైఅంతస్తులో ఇన్‌స్టిట్యూటు నడిపే చక్రధర్‌వి. చక్రధర్ కరీంనగర్ నుంచి ఒక సూట్‌కేసుతో వచ్చి, ఒక గది, ఒక బోర్డుతో మొదలుపెట్టి, బూమ్‌లో సందంతా తనదే అన్నంత ఎదిగాడు. కారు కొన్నాడు, ఇల్లు కొన్నాడు, ఇంకా డబ్బు మిగిలితే గుర్రాలు కొన్నాడు. మూడింటిలో రెండు కాగితాల మీద మాత్రమే గుర్రాలు. మూడోది మాత్రం అసలైన సరుకు. ఆడపిల్ల, ముదురు గోధుమరంగు, నుదుట చిన్న చుక్క. దానికి చక్రధర్ పెట్టిన పేరు ‘ఆన్‌సైట్’. అప్పట్లో అమీర్‌పేటలో ప్రతి కుర్రాడూ నిద్రలో కలవరించే మాట అది. కంపెనీ విదేశానికి పంపడమన్నమాట. యాదగిరన్నకు ఆ పేరు నచ్చలేదు. చుక్కా అని పిలిచేవాడు.

ఆ ఏడాది నేను పేజీ రాస్తుండగా చక్రధర్ మెట్లు దిగి వచ్చాడు. మెళ్లో ఐడీ కార్డు, చేతిలో రెండు సెల్ ఫోన్లు, రెండూ మోగుతూనే.

"సార్, మీ డజన్ల మన ఆన్‌సైట్‌ది ఎన్నో ర్యాంకు?"

ర్యాంకులుండవు, ఉండే గుర్రాలుంటాయి, లేనివి ఉండవు అన్నాను. అసలు ఉంటుందా లేదా అని అడిగాడు. ఇంకా తేల్చుకోలేదన్నాను.

"లేకపోతే ఒక్క ముచ్చట చెప్త సార్. మూడింటిని యాదన్న కాడ్నించి తీస్కపోయి పెద్ద శాలల ఏస్త. ఫీజు కట్టినోనికి రిజల్ట్ కావాలె గద. మీకు డౌటుంటే ఆదివారం దానికి మాక్ టెస్ట్ పెట్టిస్త. ఫుల్ స్పీడు. మీరే టైం చూస్కోన్రి."

గుర్రానికి మాక్ టెస్ట్. సీజను ముందు ఎదిగే గుర్రాన్ని ఒకసారి పూర్తిగా పిండేస్తే, అది ఆ సీజనంతా పిండిన నిమ్మకాయే. అయినా నాకు ఎక్కువ భయం వేసింది వేరే దానికి. ఆ మూడు గుర్రాలూ పోతే యాదగిరన్నకు మిగిలేది పళ్లు లేని ముసలిది. ఒక్క గుర్రంతో శాల నడవదు. ఇంక ఆయన ఏ పెద్దశాలలోనో జీతానికి చేరాల్సిందే.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆయనకు చెప్పాను. చుక్క ఒళ్లు రుద్దుతున్నాడు. రుద్దడం ఆపలేదు.

"పెట్టకు భాయ్ నీ పేజీల."

పెట్టకపోతే తీసుకుపోతానంటున్నాడన్నా, అన్నాను.

"ఎరికే. పెడితే సుత గంతే. పేపర్ల పడ్డది గదా అని మొదటి రోజే గెల్వాలంటడు. గెల్వకపోతే ఆ దినమే తోల్కపోతడు." చుక్క చెవి వెనక గోకాడు. "గిది దూరం ఉరికేది. నేల మెత్తగైతేనే కాలు ఆన్తది. జనాన్ని చూసుడు, గుంపుల ఉరుకుడు అన్నీ నేర్వాలె. మూడు పరుగులు ఊకె ఇయ్యాలె. గా మాక్ టెస్ట్ గీక్ టెస్ట్ అంటే మాత్రం నేను చెయ్య. పోతే పోనీ, పిల్లను ఖరాబు చెయ్య."

పేజీలో పెడితే శాల పోతుంది, పెట్టకపోతే శాల పోతుంది. నేను స్కూటర్ మీద తిరిగి వస్తూ, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా కదలకుండా ఆలోచించాను. వెనకవాళ్ల హారన్లన్నీ కలిపితే నా పెళ్లి బ్యాండుకంటే బాగా వినిపించాయి.

డెమో

ఆఫీసు మెట్ల దగ్గరికొచ్చాక కనిపించింది. అక్కడ రోజూ కనిపించేదే. చక్రధర్ బోర్డు మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు: మూడు రోజుల ఉచిత డెమో. మా సందు ఆచారం అది. ఏ కోర్సైనా మొదటి క్లాసులకు ఊరికే కూర్చోవచ్చు. నచ్చితేనే ఫీజు. డెమో క్లాసు చూసి ఎవరూ ఉద్యోగం రాలేదని పోట్లాడరు.

మెట్లెక్కి నేరుగా చక్రధర్ గదిలోకి పోయాను. మీ డెమోలో మొదటి రోజే కుర్రాడికి ప్రోగ్రాం రాయడం వస్తుందా అని అడిగాను.

"ఎట్లొస్తది సార్. డెమో గద. మొదటి దినం మిషన్ ఆన్ చేసుడు, ఆఫ్ చేసుడు, గంతే."

మరి ఆ పిల్ల ఏం పాపం చేసింది అన్నాను. మొదటి మూడు పరుగులూ దానికి డెమో. జనాన్ని చూస్తుంది, గుంపులో ఉరకడం నేర్చుకుంటుంది. అసలు కోర్సు వానలు ముదిరి, దూరం పెరిగాక మొదలవుతుంది. అప్పుడు చూడండి, అప్పుడు అడగండి.

చక్రధర్ ఫోనెత్తలేదు. రెండు ఫోన్లూ మోగి మోగి వాటంతటవే అలసిపోయి ఆగాయి. అది మా సందు చరిత్రలో మొదటిసారి.

"గట్ల చెప్పొచ్చు గద సార్ యాదన్న. డెమో అంటే సమజైతది గద. మూడు దినాలు ఊకె, నాలుగో దినం ఫీజు."

నేను కిందికొచ్చి రాసేశాను. ఆన్‌సైట్: మొదటి మూడు పరుగులు డెమో, చూసి ఎవరూ తీర్పులివ్వొద్దు. నేల మెత్తబడి, దూరం పెరిగినప్పుడు ఈ పేరు గుర్తుంచుకోండి. పాపారావుగారు అది చదివి కళ్లజోడు తీశారు.

"ఏంటయ్యా ఇది? కన్నేసి ఉంచాల్సిన గుర్రాలని పేరు పెట్టి, ఇది మూడుసార్లు ఓడుతుందని మనమే రాస్తామా?"

కన్నేసి ఉంచమంటే మొదటిరోజే కౌగిలించుకోమని కాదండీ, అన్నాను. ఆయన పొడుం పీల్చి, వేసెయ్ అన్నారు. మీరు కూడా ఈ పనిలోకి వస్తే ఆ మాట రాసుకోండి. మన పని ఏ గుర్రం అన్నది చెప్పడంతో అయిపోదు. ఎప్పుడు అన్నది కూడా చెప్పాలి.

మొదటి పరుగుకు చక్రధర్ ఇన్‌స్టిట్యూటు బ్యాచీలన్నిటినీ వెంటేసుకుని వచ్చాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లు ఆ మధ్యాహ్నం ఖాళీ. చుక్క గేటులోంచి అందరికంటే ఆలస్యంగా బయటికొచ్చి, చుట్టూ చూసి, ఆఖరున వచ్చింది. ఆ కుర్రాళ్లు నిలబడి చప్పట్లు కొట్టారు. మైదానంలో జన్మంతా గడిపిన ఒక పెద్దాయన నా భుజం పట్టుకుని, ఆఖరున వచ్చిన గుర్రానికి చప్పట్లేంటని కంగారుగా అడిగాడు. డెమో అండీ అన్నాను. ఆయన ఇంకా కంగారుగా వెళ్లిపోయాడు.

రెండో పరుగులో మూడు గుర్రాల్ని వెనకేసింది. ఇంప్రూవ్‌మెంట్ ఉంది అన్నాడు చక్రధర్, మార్కుల కాగితం చూస్తున్న మేష్టారిలా. మూడోసారి ముందున్నవి గోడ కట్టినట్టు అడ్డుపడగా దారి దొరక్క నాలుగో స్థానంలో వచ్చింది. నేను పరుగు సరిగా చూడలేదు. శాలకు నడిచి వెళ్లే దారిలో నిలబడ్డాను. మెడ వేలాడేసి, తోక ఊపుకుంటూ, దారి పక్కన ఉన్న పల్లీల బండి వైపు ఆశగా చూస్తూ నడిచింది. నాకు కడుపు నిండిపోయింది.

కానీ అది చూసింది నేనొక్కణ్నే కాదు. ఒక పెద్దశాల ట్రైనర్, బంగారు ఫ్రేము కళ్లజోడాయన, ఆ సాయంత్రమే చక్రధర్‌కు ఫోన్ చేశాడట. ఇంత మంచి పిల్ల మా దగ్గరుంటే ఇప్పటికే గెలిచేది అని. చక్రధర్ నన్ను పిలిచి ఆ మాట చెప్పాడు.

"డెమోలైపోయినయ్ సార్. గిప్పుడు చూస్త."

పంజాగుట్టలో వాన

నాలుగో పరుగు దూరంది. చుక్కకు కావాల్సిన దూరమే. కావాల్సిన రెండోది వాన. అది మాత్రం ఆ వారం నగరానికి సెలవు పెట్టింది. మైదానం గచ్చులా గట్టిపడింది. యాదగిరన్న రోజూ మడమతో నేలను తొక్కి చూసి శాలలోకి పోయేవాడు. ఆ వారం నేను పైకి చూసినన్నిసార్లు వాతావరణ శాఖ కూడా చూసి ఉండదు. మేఘం ఆకారంలో కనిపిస్తే పొగగొట్టం పొగకు కూడా నమస్కారం పెట్టాను.

పందెం రోజు మధ్యాహ్నం అమీర్‌పేట నుంచి బయల్దేరి పంజాగుట్ట చేరేసరికి ఆకాశం ఒక్కసారిగా బొక్కెన బోర్లించింది. పది నిమిషాల్లో చౌరస్తా చెరువైంది. బస్సులు పడవలయ్యాయి. సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్ సంచులు నెత్తిన పెట్టుకుని, ఆడామగా తేడా లేకుండా ప్రభుత్వాన్ని తిట్టుకుంటున్నారు. మోకాలిలోతు నీళ్లలో స్కూటర్ తోసుకుంటూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నవాణ్ని నేనొక్కణ్నే. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ నన్ను జాలిగా చూసి దారి ఇచ్చాడు.

అక్కడే, కదలని కార్ల మధ్యలో, చక్రధర్ కారు. అద్దం దించి అరుస్తున్నాడు. కారును డ్రైవరుకు వదిలేసి నా వెనక ఎక్కమన్నాను. ఎక్కాడు. నా స్కూటర్ ఇద్దరిని మోయడం అదే మొదలు, అదే ఆఖరు. ఖైరతాబాద్ దాకా అది నడిచింది, తర్వాత మేము నడిపించాం. మైదానంలో అడుగుపెట్టేసరికి మాలో ఎవరు ఎక్కువ తడిశారో చెప్పడం కష్టం.

గుర్రాలు అప్పుడే గేటు దగ్గరికి వెళ్తున్నాయి. నేల మెత్తగా, నల్లగా, ఒకే రంగులో మెరుస్తోంది. యాదగిరన్న రెయిలింగు దగ్గర తడుస్తూ నిలబడ్డాడు. మమ్మల్ని చూసి తలూపాడు.

పరుగు మొదలైంది. మొదటి సగంలో చుక్క గుంపు వెనక బురద తింటూ వచ్చింది. మలుపు దగ్గర ముందున్నవి ఒక్కొక్కటే కాళ్లు పాతుకుపోయినట్టు ఆగుతూంటే, అది మాత్రం బురదలో పుట్టినట్టు, చెవులు ముందుకు పెట్టి, బయటి వైపు నుంచి వచ్చింది. చక్రధర్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ గోళ్ల గుర్తులు దీపావళి దాకా ఉన్నాయి. ఆఖరి ఫర్లాంగులో పెద్దశాల గుర్రమొకటి, అది ఒకటి, పక్కపక్కన. మెడ తేడాతో చుక్క గెలిచింది. కావాలంటే రెండు మెడలని చెప్పగలను, కానీ ఇక్కడ పెంచాల్సిన అవసరం కనిపించలేదు.

గొడుగు

గెలిచిన గుర్రాన్ని తెచ్చేచోటికి మేం చేరేసరికి బంగారు ఫ్రేము ట్రైనర్ అప్పటికే అక్కడున్నాడు. ఆయన మనిషి చక్రధర్ నెత్తిన పెద్ద గొడుగు పట్టాడు. ట్రైనర్ మాట తీయగా మొదలైంది. అభినందనలు చెప్పి, ఈ పిల్లకు పెద్ద పందేల్లో భవిష్యత్తుందని, దానికి తగ్గ శాల, తగ్గ దాణా, తగ్గ మనుషులు కావాలని, రేపే వచ్చి తీసుకెళ్తానని అన్నాడు. నాలుగడుగుల దూరంలో యాదగిరన్న చుక్క కాళ్ల బురద కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఒకే కాలిని మళ్లీ మళ్లీ కడిగాయి.

ఓడితే పోతుందనుకున్న శాల గెలిచినందుకు పోయేటట్టుంది.

చక్రధర్ గొడుగు కిందనుంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. వానలోకి.

"పోయినేడు మా ఇన్‌స్టిట్యూట్ల జావా చెప్పే సారుండె. ఎదురు బిల్డింగోడు మస్తు ఆశ పెట్టి పట్టుకపోయిండు. బోర్డు నాది, ఏసీ నాది, కుర్చీలు నావి. పిల్లలు మాత్రం తెల్లారి సార్ ఎనక పోయిన్రు. అమీర్‌పేటల ఎవడూ బోర్డు చూసి రాడు సార్, ఏ సారు చెప్తుండని చూసి వస్తడు. గీ పిల్లకు సారు యాదన్న. సార్‌ని మారిస్తే బ్యాచ్ ఖరాబైతది."

గొడుగు పట్టిన మనిషి దాన్ని ఎవరి మీద పట్టాలో తెలియక మధ్యలో గాలికి పట్టాడు. యాదగిరన్న లేచి నిలబడి, చుక్క వీపు మీద దుప్పటి కప్పాడు.

"జర జరుగున్రి సార్లూ, పిల్లకు చలి పెడ్తది" అని మా అందరి మధ్యలోంచి దాన్ని నడిపించుకుని పోయాడు.

చక్రధర్ అక్కడితో ఆగే మనిషి కాదు కదా. వారం తిరక్కుండానే శాల గేటుకు ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టించాడు. యాదగిరన్న ఫొటో, కళ్లు మూసుకుని పడ్డది, దాని కింద ‘సీనియర్ ఫ్యాకల్టీ, రియల్ టైం ఎక్స్‌పీరియన్స్’ అని. గుర్రాలు గేటు దాటమని మొరాయించాయి. మూడోరోజు నేను వెళ్లేసరికి గేటు బోసిగా ఉంది. ఫ్లెక్సీ శాల వెనక గడ్డిమోపుల మీద కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఉంది. వాన చినుకులు యాదగిరన్న ముఖం మీద టపటపా పడుతున్నాయి.

మరుసటి ఏడాది వానలకు ముందు, నేను పేజీ రాసుకుంటుంటే ఆయన మా ఆఫీసు గుమ్మంలో కనిపించాడు. అమీర్‌పేట రావడం అదే మొదటిసారట, సందులోని జనాన్ని చూసి బెదిరిన గుర్రంలా ఉన్నాడు. పాపారావుగారు ఒకటే తుమ్ములు.

"గా ఫ్లెక్సీ కొట్టే దుకాణమెక్కడ భాయ్? ఇంకోటి కావాలె, జర పెద్దది."

మళ్లీ మీ ఫొటోనేనా అన్నాను.

"ఏ ఫొటో అయితేంది. గుర్రాలు తొమ్మిదైనయ్. గడ్డి తడుస్తుంది."